కుప్పమ్మ గుర్రానికి చల్లవాత

శ్రీకాళహస్తిలో గుర్రం గురించి తెలిసిన మనిషి ఒక్కతే ఉండేది. ఆమె కుప్పమ్మ. మిగిలినవాళ్ళమంతా తెలిసినట్టు తలలూపే రకం. ఈ మాట అంటే రైల్వేస్టేషను దగ్గర జట్కాలు తోలిన మగవాళ్ళకి కోపం వస్తుంది. రానీ. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. గుర్రానికి కడుపునొప్పి వస్తే ముందుకాలితో నేల గీరుతుందని వాళ్ళలో సగంమందికి తెలియదు, బద్ధకించిందనుకుని ఇంకో రెండు వడ్డించేవాళ్ళు. కొరడా ఎటుపక్క పట్టుకోవాలో మాత్రం అందరికీ బాగా తెలుసు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. నా పేరు రాజారత్నం. ఏర్పేడు చుట్టుపక్కల పల్లెల్లో ఎదకొచ్చిన ఆవులకు సూది వేయడం నా పని. మేలుజాతి కోడెల వీర్యం నైట్రోజన్ క్యానులో పెట్టుకుని, ఆ క్యాను సైకిలు వెనక కట్టుకుని ఊరూరా తిరిగేవాణ్ణి. నైట్రోజన్ చూడ్డానికి నీళ్ళలాగే ఉంటుంది. మూత తీస్తే తెల్లటి పొగ. వేలు పెడితే వేలు పోతుంది, అంత చల్లన. పల్లెల్లో నన్ను 'సూది రాజారత్నం' అనేవాళ్ళు. అప్పటిదాకా నేను గుర్రాన్ని చేత్తో తాకినవాణ్ణి కాదు. తాకలేదని ఎవరికీ చెప్పనూ లేదు.

కుప్పమ్మకు అప్పటికి యాభై ఏళ్ళుంటాయి. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురు బిడ్డలూ బతకలేదట. అందుకని ఈమె పుట్టగానే తీసుకుపోయి చెత్తకుప్ప మీద పడుకోబెట్టి, కాసేపటికి ఎత్తుకొచ్చి, కుప్పమ్మ అని పేరు పెట్టారు. చావుకి కూడా అసహ్యం వేసి వదిలేస్తుందని మా వైపు నమ్మకం. "సావే నన్ను వద్దనుకునింది, మీరేమి చేస్తారబ్బా నన్ను?" అనేది స్టాండులో మగవాళ్ళతో.

మొగుడు మునికృష్ణ జట్కా తోలేవాడు. పచ్చకామెర్లతో పోయాడు. కర్మంతరం ముగిసిన సాయంత్రమే బండీ గుర్రమూ కొంటామని ముగ్గురు జట్కావాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. చచ్చినవాడి మీద అంత ప్రేమ. కుప్పమ్మ ముగ్గురికీ మజ్జిగ ఇచ్చి పంపించి, మర్నాడు పొద్దున తనే బండి కట్టి స్టేషనుకు వచ్చింది. ఆడమనిషి పగ్గాలు పట్టడమా అని ఊరు ముక్కున వేలేసుకుంది. నెలరోజులు వేసుకుని, వేలు నొప్పిపుట్టి తీసేసింది.

ఆ ముసలి గుర్రం పోయాక పూతలపట్టు వైపు ఒక రైతు దగ్గర కొనుక్కొచ్చిందే కస్తూరి. ఎర్ర ఆడగుర్రం, నాలుగేళ్ళది. రైలు దిగిన యాత్రికుల్ని గుడి దగ్గరకి చేర్చడం, మళ్ళీ స్టేషనుకు తేవడం, ఇదే వాళ్ళిద్దరి బతుకు. కస్తూరిని ఆమె కొట్టగా చూసినవాళ్ళు లేరు. "ఏమే, పోదామా?" అంటే కదిలేది. "ఉండవే" అంటే నిలిచేది.

ఇక మా మహానుభావుడు చక్రధర్ గారి దగ్గరికి వద్దాం. స్టేషను ఎదురుగా ఆయనకు లాడ్జీ ఉండేది. లాడ్జీ పక్కన జట్కాలు నిలిచే ఖాళీ జాగా కూడా ఆయనదే. 1997లో ఆయన విదేశాలు తిరిగి వచ్చాడు. అక్కడ గుర్రాల ఒంటిమీద తెల్లటి అంకెలు చూశాడట. కాల్చకుండా, చల్లటి ఇనుముతో వేసే వాతలట. పోయిన గుర్రం దొరుకుతుందట, ఎవరిది ఏదో తెలుస్తుందట. అంతే. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, మన ఊరి బక్క గుర్రాలకూ వాతలు వేయాలని బుద్ధి పుట్టింది. 'అశ్వ సంక్షేమ సమితి' అని బోర్డు కట్టాడు. అధ్యక్షుడు ఆయనే. ఒక్క గుర్రానికి పిడికెడు ఉలవలు పెట్టిన పాపాన పోలేదు గానీ, దయ గురించి మైకు ముందు గంటసేపు మాట్లాడగలడు. నంబరున్న గుర్రానికే తన జాగాలో చోటు, లేని గుర్రం బయటికి. ఇదీ ఆయన దయ.

నైట్రోజన్ ఎవరి దగ్గరుంది? నా దగ్గర. "రాజారత్నం, నువ్వు చేయగలవా?" అని అడిగాడు. "చేస్తాను సార్" అన్నాను. సమితిలో ఉద్యోగమన్నాడు, కుర్చీ అన్నాడు. సైకిలు తొక్కి తొక్కి మోకాళ్ళరిగినవాడికి కుర్చీ అనే మాట ఎంత తియ్యగా ఉంటుందో మీకేం తెలుసు?

తిరుపతిలో పశువైద్యం చదివిన ఒకాయన్ని పట్టుకుని వివరాలు అడిగి రాసుకున్నాను. వెంట్రుక కత్తిరించాలి, స్పిరిట్‌తో తుడవాలి, ఇత్తడి అంకెని నైట్రోజన్‌లో ముంచాలి, ముదురు రంగు గుర్రానికి పది పన్నెండు సెకన్లు అదిమి పట్టాలి. అప్పుడు వెంట్రుకకు రంగునిచ్చే శక్తి చచ్చిపోతుంది, వెంట్రుక మాత్రం బతుకుతుంది. పాతది రాలిపోయి కొత్తది తెల్లగా వస్తుంది. "ఎన్నాళ్ళకు వస్తుంది సార్?" అని అడిగాను. "రెండు, రెండున్నర నెలలు పడుతుంది, తొందరపడితే ఏమీ కనపడదు" అన్నాడాయన. ఆ మాట కాగితం మీద గీత గీసి మరీ రాసుకున్నాను.

చక్రధర్‌కి చెప్పాను. ఆయన మొహం చిట్లించాడు. "శివరాత్రికి ముందు పెద్దవాళ్ళు వస్తున్నారు, పేపరువాళ్ళు వస్తున్నారు. నెలలో కనపడాలి" అన్నాడు. వెంట్రుకలకు కూడా శివరాత్రి తెలియాలన్నమాట. నేనేమన్నాను? "సరే సార్" అన్నాను.

1998 జనవరి నెలాఖరులో, ఒక పొద్దున, లాడ్జీ పక్క జాగాలో ఇరవై గుర్రాల్ని వరసగా కట్టారు. కుప్పమ్మది పద్నాలుగోది. అందరికన్నా ముందు నోరు తెరిచిందీ ఆమే.

"యాడ ఏస్తారు సామీ నంబరు?"

"వీపు మీద. జీను కింద" అన్నాడు చక్రధర్. చేతిలో విదేశాల నుంచి తెచ్చుకున్న రంగుల పుస్తకం. అందులో బొమ్మ చూపించాడు.

కుప్పమ్మ బొమ్మ చూసింది. "ఇవి మనుసులెక్కి తిరిగే గుర్రాలు సామీ. మనియి బండి లాగేటియి. బండి బరువంతా ఆ తావే గదా పడేది? పుండు మింద మెత్త ఏసి బిగిస్తే అది మానేదెప్పుడు? మెడ మింద ఎయ్యండి, సచ్చి మీ కడుపున పుడతా."

"నీకు తెలుసా, పుస్తకం రాసినవాడికి తెలుసా?"

"ఆయప్ప జట్కా తోలినాడా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. చక్రధర్ తిరిగి చూడగానే ఆ నవ్వు చచ్చింది. మిగతా పంతొమ్మిదిమంది జట్కావాళ్ళలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, "అవును సార్, ఆమె చెప్పింది నిజమే" అనలేదు. వాళ్ళ నాయకుడు వెంకటముని అయితే, "సార్ చెప్పినాక మనమెవరంలే" అని పళ్ళికిలించాడు. వాడికి రెండు గుర్రాలు. ఒకటి కుంటుతోందని ఆరోజు తేలేదు. రేపు దాన్నీ ఇక్కడ నిలబెట్టుకోవాలిగా, ఆ భక్తి.

వాత వేస్తుంటే గుర్రాలెట్లా ఉంటాయో ఆ రోజు చూశాను. ముంచిన ఇత్తడి అంకె కాగే నూనెలో అప్పడంలా బుడబుడమంటుంది. ఆ చప్పుడు ఆగాక తీసి వీపు మీద అదమాలి. మొదటి రెండు సెకన్లు గుర్రానికి ఏం జరిగిందో తెలియదు. తర్వాత ఒక్కసారి ఒళ్ళంతా జలదరిస్తుంది, కాళ్ళు కూడదీసుకుంటుంది. ఐదారు సెకన్లకి ఆ చోటు మొద్దుబారి ఊరికే నిలబడిపోతుంది. మిగతావాళ్ళు గుర్రాల మూతికి తాడు మెలేసి నలుగురు నలుగురు పట్టుకున్నారు. అవి తన్నాయి, కూలబడ్డాయి, వెంకటముని గుర్రం తాడు తెంపుకుంది. కుప్పమ్మ ఎవర్నీ రానివ్వలేదు. అరచేత్తో కస్తూరి కన్ను మూసి, దాని చెవి దగ్గర మూతి పెట్టుకుని నిలుచుంది.

"నొప్పి ఉండదు అక్కా" అన్నాను, అంకె పట్టుకుని.

"నీకా, దానికా?" అంది.

ఒకటి వేశాను. నాలుగు వేశాను. తీసేసరికి అంకె పిండిలో నొక్కినట్టు లోతుగా, గట్టిగా, మంచుపట్టి తెల్లగా ఉంది. ఐదు నిమిషాల్లో మంచు కరిగింది, ఆ చోటు ఉబ్బడం మొదలైంది. అసలు నొప్పి అప్పుడు మొదలవుతుంది, కరిగేటప్పుడు. కస్తూరి తల దించి, వెనక్కి తిరిగి తన వీపు చూసుకోవాలని మెడ తిప్పింది. అందలేదు.

"ఇంగ సాల్లే, పోదాం" అంది కుప్పమ్మ. బండి అక్కడే వదిలేసి, గుర్రాన్ని నడిపించుకుని ఇంటికి పోయింది.

మర్నాడు పంతొమ్మిది గుర్రాలు బండ్లకు కట్టి ఉన్నాయి. ఉబ్బిన వాతల మీద మెత్తలు, మెత్తల మీద బిగించిన పట్టీలు. చిన్నబ్బ అనేవాడు పసుపూ, ఆముదమూ, పొయ్యిలో బూడిదా కలిపి పట్టు వేసి, దానిమీద మెత్త వేసి తోలాడు. మూడోరోజుకి ఆ గుర్రం వీపు మీద రూపాయంత చోట చీము. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఇక్కడ కాకి కూడా అక్కర్లేదు, తోలేవాడే చాలు.

ఇరవయ్యోది పనికి రాలేదు. కస్తూరి మీద మెత్త వేయనని కుప్పమ్మ తెగేసి చెప్పింది. "మానేదాంక అది బండి లాగదు" అంది. మరి తిండి? గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు గదా. పొద్దున్నే స్వర్ణముఖి ఏట్లో దిగి గడ్డి కోసి, మోపులు కట్టి, స్టాండులో జట్కావాళ్ళకే అమ్మింది. తన గుర్రం నిలుచోవలసిన చోట నెత్తిమీద మోపుతో తను నిలుచుంది. వాళ్ళు గడ్డి కొని నవ్వుకున్నారు. "రాణీగారి గుర్రం ఎట్లుండాది కుప్పక్కా? పరుపేసినావా?" అని వెంకటముని అడిగేవాడు. ఆమె చెయ్యి చాచేది, గడ్డి విలువ ఇచ్చేదాకా ఆ చెయ్యి దించేది కాదు.

నేను నాలుగైదు రోజులకోసారి సైకిలు మీద వెళ్ళి కస్తూరిని చూసొచ్చేవాణ్ణి. పెద్ద డాక్టరులా చేతులు వెనక్కి కట్టుకుని. నిజానికి నాకే కుతూహలం, నేను వేసింది ఏమవుతుందోనని. మొదటి వారం వాపు. చెయ్యి దగ్గరికి తెస్తేనే చర్మం వణికేది, ఈగ వాలినట్టు. కుప్పమ్మ దానిమీద పట్లూ పసర్లూ వేయలేదు. వేపాకు కాచి చల్లార్చిన నీళ్ళతో చుట్టూ కడిగేది, అంతే. "మానేదాన్ని మాననియ్యాల. మనం ఊరికే ఉండేదే మందు" అంది. ఆ మాట నేను రాసుకోలేదు. రాసుకోవలసింది.

రెండో వారానికి వాపు తీసింది. చర్మం ఎండి అట్టకట్టింది. మూడో వారం దురద పట్టుకుంది. కస్తూరి గోడకు వీపు రాసుకోవాలని చూసేది. కుప్పమ్మ దాన్ని గోడలకు దూరంగా నట్టనడి వాకిట్లో కట్టి, వాత చుట్టూ అరచేత్తో రుద్దుతూ పూటంతా నిలుచునేది. గుర్రం పైపెదవి సాగదీసి కళ్ళు మూసుకునేది. తర్వాత అట్టలు రాలాయి. అట్టలతోపాటు వెంట్రుకలూ పోయాయి. కింద బోడి చర్మం బయటపడింది, అంకె అంచులు అలుక్కుపోయి.

ఒంటికి తగిలింది మానుతోంది గానీ, ఇంకోటి ఉంది. అది నా కాగితంలో లేదు, చక్రధర్ పుస్తకంలోనూ లేదు. కస్తూరికి పొగంటే భయం పట్టుకుంది. నైట్రోజన్ పొగ చూసింది గదా, అదే. స్టేషను ముందు దేవకమ్మ ఇడ్లీ అంగడి ఉండేది. కుండ మూత తీసి ఆవిరి లేచిందంటే చాలు, కస్తూరి చెవులు వెనక్కి వాల్చి, నాలుగు కాళ్ళూ తన్నిపెట్టి, అడుగు ముందుకు వేసేది కాదు. స్టాండుకి పోవాలంటే ఆ అంగడి దాటాలి. దాటని గుర్రం బండికెట్లా పనికొస్తుంది? రేపు వీపు మానినా ఏం లాభం?

మగవాళ్ళయితే కొరడాతో దాటించేవాళ్ళు. కుప్పమ్మ రోజూ పొద్దున దాన్ని ఉత్తచేతుల్తో నడిపించుకొచ్చి, అంగడికి యాభై అడుగుల దూరంలో నిలబెట్టేది. ఆవిరి లేచినప్పుడల్లా నోటికి బెల్లం ముక్క. వెనక్కి పోతానంటే పోనిచ్చేది. మర్నాడు రెండడుగులు దగ్గరికి. "ఏమమ్మా, గుర్రానికి ఇడ్లీలు తినడం నేర్పిస్తాండావా?" అని దేవకమ్మ ఎగతాళి చేసేది. వారం దాటాక ఆమే మూత మెల్లగా తీయడం మొదలుపెట్టింది. పదిహేనో రోజు కస్తూరి ఆ కుండ పక్కన, ఆవిరి మొహానికి తగులుతుంటే, కళ్ళార్పుతూ బెల్లం నమిలింది. కుప్పమ్మ మా ఎవరివంకా చూడలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఏమే, పోదామా?" అంది. ఇద్దరూ అంగడి దాటి నడిచారు. ఆ పొద్దున నాకు ఆమెంటే ఈర్ష్య పుట్టింది, అబద్ధమెందుకు.

శివరాత్రికి వారం ముందు తనిఖీ. జట్కావాళ్ళకు తెలుసు, ఎవరి గుర్రం మీదా నంబరు తేలలేదని. కొన్నిటికి పుళ్ళు, కొన్నిటికి బోడి మచ్చలు. తనిఖీకి ముందురోజు వెంకటముని బోర్డులు రాసే నరేంద్రని పిలిపించాడు. నరేంద్ర గిన్నెలో తెల్ల డిస్టెంపరు పెయింటు, చేతిలో కుంచె పట్టుకుని, సోడా అంగడి బోర్డు రాసినంత శ్రద్ధగా పంతొమ్మిది గుర్రాల వీపుల మీద అంకెలు దిద్దాడు. రెండుకి వయ్యారంగా తోక కూడా పెట్టాడు. పచ్చి పుండ్ల మీద పెయింటు పడి గుర్రాలు ఒళ్ళు విదిలిస్తుంటే, "కదలనీకుండా పట్టుకోప్పా, ఏడు ఒకటైపోతాది" అని కేకలు. నేను అక్కడే ఉన్నాను. చూశాను. టీ తాగాను.

"నీ గుర్రానికీ ఏయించుకో కుప్పమ్మా" అని నరేంద్ర పిలిచాడు, పాపం, మంచి మనసుతోనే.

"ఎందుకబ్బా? నిజమైంది వస్తాండాదిగదా" అంది ఆమె.

తనిఖీ రోజు చక్రధర్ ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, రెండు బారల దూరం నుంచి గుర్రాల్ని చూస్తూ నడిచాడు. వెనక వచ్చిన పెద్దవాళ్ళు "అద్భుతం, అద్భుతం" అన్నారు. ఒక్క వేలు పెట్టి తాకితే పెయింటు అంటుకునేది. గుర్రాల మీద అంత ప్రేమున్నవాళ్ళు గుర్రాన్ని తాకుతారా? ఫోటోలు తీశారు. కస్తూరి దగ్గరికి వచ్చేసరికి చక్రధర్ ఆగాడు.

"ఏమిటిది? గజ్జి పట్టినట్టుందే."

"మానతాండాది సామీ" అంది కుప్పమ్మ. "ఇంగో నెల పోతే తెల్లంగా వస్తాది. కావాలంటే ఈ రాజారత్నాన్ని అడగండి."

ఆయన నా వైపు చూశాడు. జేబులో గీత గీసిన కాగితం ఉంది. రెండున్నర నెలలు. నేను నోరు తెరిచాను. "చూడాలి సార్" అన్నాను. చూడాలట! ఇంతకన్నా మూగవాడు నయం.

"మిగతావాటికి వచ్చి దీనికి రాలేదంటే ఈమె సరిగ్గా చూసుకోలేదు" అని తేల్చేశాడు చక్రధర్. కుప్పమ్మ పేరు కొట్టేయమన్నాడు. ఖాళీ అయిన పద్నాలుగో నంబరు వెంకటముని రెండో గుర్రానికి ఇమ్మన్నాడు. దానికి వాత కూడా వేయలేదు. మర్నాటికల్లా నరేంద్ర కుంచె ఆ పని చేసిపెట్టింది. రిజిస్టరులో రాసింది నేనే. నా దస్తూరి గుండ్రంగా, ముద్దుగా ఉంటుందని చక్రధర్ మెచ్చుకున్నాడు కూడా.

ఆ శివరాత్రికి లక్ష జనం దిగారు. కుప్పమ్మ జాగా బయట, రోడ్డు మీద, నెత్తిన గడ్డిమోపుతో నిలుచుంది.

ఏప్రిల్ మొదట్లో ఒకరోజు సమితి ఆఫీసు ముందు గిట్టల చప్పుడైంది. బయటికి వచ్చి చూశాం. కుప్పమ్మ కస్తూరిని నడిపించుకొచ్చింది. ఎర్రటి నిగనిగలాడే వీపు మీద పద్నాలుగు. ముత్యాల్లా తెల్లటి వెంట్రుక, అంచు చెదరకుండా, అచ్చు నేను అదిమినట్టే. చేత్తో నిమిరితే చుట్టూ ఉన్న వెంట్రుకతో సమానంగా మెత్తగా ఉంది. గుర్రం అంగుళం కూడా జరగలేదు. మొత్తం ఇరవై గుర్రాల్లో వాత సరిగ్గా పండింది ఒక్కదానికే, పని మాన్పించి మాననిచ్చిన దానికే.

"సూడండి సామీ" అంది కుప్పమ్మ. ఆమె గొంతులో గర్వం లేదు. "వచ్చేసింది. నా తావు నాకియ్యండి. రేప్పొద్దున బండి కడతా."

చక్రధర్ గుర్రాన్ని చూశాడు, తర్వాత రిజిస్టరు తెప్పించి చూశాడు. మనిషి కళ్ళతో చూసింది నమ్మాలా, కాగితం నమ్మాలా అని ఆయనకెప్పుడూ సందేహం లేదు.

"పద్నాలుగు వెంకటముని గుర్రం. ఒకే నంబరుతో రెండుంటే పేపరువాళ్ళు నవ్వుతారు. దీనిది కొట్టేయాలి" అన్నాడు. "అడ్డంగా ఒక గీత వేస్తే చాలు. రాజారత్నం, క్యాను ఉంది కదా? కానియ్యి."

కుప్పమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కస్తూరికీ మాకూ మధ్యకు వచ్చి నిలుచుంది. చక్రధర్‌తో మాట్లాడలేదు. నాతో మాట్లాడింది.

"రాజారత్నమూ, నీ సేత్తో ఏసింది గదా ఇది. ఎవురి గుర్రానికి ఏసినావో సెప్పు. ఆ ఒక్క మాట సెప్పు సాలు."

అందరూ నన్నే చూశారు. వెంకటముని కూడా అక్కడే ఉన్నాడు, తన చెప్పుల వంక చూసుకుంటూ. వాడి గుర్రం మీది పెయింటు చెమటకి కారిపోయి, పద్నాలుగులో ఒకటి అప్పటికే పోయింది. నేను ఒక్క మాట చెప్తే చాలు. తడిగుడ్డ తెప్పించి ఆ గుర్రాల వీపులు తుడిపిస్తే చాలు. కానీ పెయింటు వేస్తుంటే నువ్వెక్కడున్నావని నన్నే అడుగుతారు. నా కుర్చీ పోతుంది.

"క్యాను ఖాళీ సార్" అన్నాను. "నైట్రోజన్ రావడానికి పది రోజులు పడుతుంది."

అన్నాక నా తెలివికి నేనే మురిసిపోయాను. ఎవరికీ కోపం రాకుండా గుర్రాన్ని కాపాడేశాను గదా! చక్రధర్ విసుక్కుని, "పదో రోజు తీసుకురా. అంతవరకు నా జాగాలో దీని గిట్ట పడకూడదు" అని కారెక్కాడు. వెంకటమునీ జారుకున్నాడు.

కుప్పమ్మ నేరుగా నా సైకిలు దగ్గరికి పోయింది. క్యాను పిడి పట్టుకుని ఒక చేత్తో ఎత్తింది. అది ఆ పొద్దున్నే నేను తిరుపతి నుంచి నింపించుకొచ్చిన క్యాను. లోపల నైట్రోజన్ తొణికిన చప్పుడు నాకు కూడా వినిపించింది. మెల్లగా మళ్ళీ దించి పెట్టింది.

"నీ కోసమే అక్కా" అన్నాను. "ఆ మాట చెప్పకపోతే ఇప్పుడే గీత వేయించేవాడు."

"అబద్ధమైతే అడక్క ముందే సెప్తివే" అంది కుప్పమ్మ. "నిజం అడుక్కున్నా. దానికి నోరు రాలేదా నీకి? నిజం సెప్పింటే నా గుర్రం ఈడనే నిలిచేది. నీ అబద్ధానికి పది దినాలు మిగిలినాయి."

అరిచి ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. కాలికి అంటిన పేడ వదిలించుకునేటప్పుడు చూస్తామే, అట్లా ఒకసారి చూసి, గుర్రం మెడ మీద చెయ్యేసి వెళ్ళిపోయింది.

పదో రోజు దాకా ఆమె ఆగలేదు. మూడో రోజుకే ఇల్లు ఖాళీచేసి, సామాను బండికెత్తుకుని, కస్తూరిని కట్టి ఏర్పేడు చేరింది. అక్కడ జట్కాలకు జాగా గొడవ లేదు, నంబరు అడిగేవాడు లేడు. స్టేషను నుంచి పల్లెలకు మనుషుల్నీ, వేరుశనక్కాయ మూటల్నీ చేరేసి బతికింది. సమితి ఏడాది తిరక్కుండానే మూతపడింది, బోర్డు లాడ్జీ వంటింటికి తలుపైంది. నా కుర్చీ కూడా పోయింది. మళ్ళీ సైకిలెక్కి, క్యాను కట్టుకుని, అవే ఏర్పేడు పల్లెలు తిరిగాను.

ఎనిమిదేళ్ళు ఆ రోడ్ల మీద కుప్పమ్మ నాకు ఎదురవుతూనే ఉంది. ఎండలో నడిచేవాళ్ళెవరు కనపడినా బండి ఆపి ఎక్కించుకునేది. ముసలివాళ్ళనీ, బిడ్డతల్లులనీ ఊరికే ఎక్కించుకునేది. ఒక మే నెల మధ్యాహ్నం సైకిలు టైరు పగిలి, క్యాను భుజాన వేసుకుని నడుస్తుంటే వెనక గిట్టల చప్పుడు వినిపించింది. పక్కకు జరిగి చెయ్యెత్తాను. బండి ఖాళీగా ఉంది. కస్తూరి నన్ను గుర్తుపట్టి నడక నెమ్మదించింది కూడా. "పోవే" అంది కుప్పమ్మ. బండి ఆగకుండా వెళ్ళిపోయింది.